అటక మీద దొరికిన నిబంధనలు

హైదరాబాద్‌లో వీడియో గేములు తయారుచేసే డిజైనర్లకు, టెస్టర్లకు, వాటిలో మాటలు రాసేవారికి



మీలో ఒకడు మా అక్క కొడుకు. గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో టెస్టరు. రోజంతా ఆడటమే ఉద్యోగమట అని మా బంధువుల్లో కొందరికి వాడంటే అసూయ, కొందరికి జాలి. పోయిన వేసవిలో సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో అటక దులుపుతుంటే సాయానికొచ్చాడు. ఇత్తడి గుండిగలు, అమ్మ కుట్టుమిషను తాలూకు తుప్పుపట్టిన ముక్కలు దింపాక, నాన్న గూడ్సు గార్డుగా పనిచేసిన రోజుల నాటి పాత పెట్టె ఒకటి దిగింది. అందులో ఒక రూళ్ల నోటుబుక్కు. అట్ట మీద నాన్న గుండ్రటి దస్తూరీలో: ‘టీవీ గేమ్ – సాధారణ, అనుబంధ నిబంధనలు, 1994’.

వాడు రెండు పేజీలు తిప్పి పగలబడి నవ్వాడు. “మామయ్యా, తాతయ్య మారియోకి మాన్యువల్ రాశారా? గేమ్‌కి మాన్యువల్ ఎవడు చదువుతాడు? ఒక్కడూ చదవడనుకునే మేం గేమ్ చేస్తాం.”

ఆ మాట నాకు గుచ్చుకోలేదు గాని, వదల్లేదు కూడా. అందుకే ఈ ఉత్తరం.

మీ వాదానికి బలముంది, ముందే ఒప్పుకుంటాను. అమెరికాలో 1971లో ‘కంప్యూటర్ స్పేస్’ అని, నాణెం వేసి ఆడే పెట్టె ఒకటి వచ్చింది. నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ దాని కర్తలు. రాకెట్టును ఎడమకి తిప్పడానికో మీట, కుడికి తిప్పడానికో మీట, ముందుకు తోయడానికి ఒకటి, పేల్చడానికి ఒకటి. పైగా చదువుకోవలసిన సూచనలు. బారులో చేతిలో గ్లాసుతో నిలబడ్డవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? ఆ ఆట ఆశించినంత ఆడలేదు. మరుసటి ఏడాది బుష్నెల్ పెట్టిన అటారీలో ఆలన్ ఆల్కార్న్ ‘పాంగ్’ తయారుచేశాడు. తిప్పడానికి ఒక్క నాబు. దాని సూచనల్లో అసలు మాట ఒకటే: పాయింట్లు కావాలంటే బంతిని వదలకు. బారులో పెట్టిన మొదటి యంత్రం నాణేలు నిండిపోయి ఆగిపోయిందని కథగా చెప్పుకుంటారు.

ఇక 1985 నాటి ‘సూపర్ మారియో’ మొదటి తెర మీకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను, మాట దాని మీద నడవాలి కాబట్టి. మారియో ఎడమ అంచున నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. అంటే కుడికి పొమ్మని. నాలుగడుగులు వేయగానే గుర్రుగా చూస్తూ ఒక జీవి ఎదురొస్తుంది. తగిలితే చావు, మళ్లీ మొదటికి, పోయింది ఐదు సెకన్లు. పైన మెరిసే ప్రశ్నార్థకం పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు వస్తుంది. అది అటు దొర్లి పైపుకు తగిలి మన మీదకే తిరిగొస్తుంది, తప్పించుకోవడం కష్టం. తగలగానే మారియో పెద్దవాడవుతాడు. ఆటగాడికి ఏదీ చెప్పకుండా అన్నీ తెలిసేలా ఆ తెరను అలా పేర్చామని షిగెరు మియమోతో ఆ తర్వాతెప్పుడో వివరించారు. అక్షరం లేని పాఠం. ప్రపంచంలో కోట్లమంది దాన్ని అలాగే నేర్చుకున్నారు.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఒకాయన మాత్రం నేర్చుకోలేదు. రూల్స్ బుక్కు ఏదని అడిగాడు.

మా నాన్నను అర్థం చేసుకోవాలంటే రైల్వేలో ‘జీ అండ్ ఎస్సార్’ అంటే ఏమిటో తెలియాలి. జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్స్. జనరల్ రూల్సు దేశమంతటికీ ఒకటే, వాటి కింద ఏ జోన్‌కి ఆ జోన్ రాసుకునేవి అనుబంధ నిబంధనలు. తనకు సంబంధించిన నిబంధనలు ఉద్యోగికి తెలిసి ఉండాలన్నది కూడా అందులో ఒక నిబంధనే. నిబంధన మారినప్పుడు పుస్తకం మళ్లీ అచ్చువేయరు, చిన్న చిన్న సవరణ చీటీలు పంపిస్తారు. కరెక్షన్ స్లిప్పులంటారు. ఆదివారం మధ్యాహ్నం నాన్న చాప మీద కూర్చుని, అన్నం మెతుకులతోనో గమ్ముసీసాతోనో ఆ చీటీలను పుస్తకంలో సరైన చోట అంటించడం నా చిన్ననాటి దృశ్యాల్లో ఒకటి. మీరు ఇప్పుడు ప్యాచ్ అంటున్నది మా ఇంట్లో మెతుకులతో అతికేది. కొన్నేళ్లకోసారి మౌలాలి ట్రైనింగ్ స్కూల్లో రిఫ్రెషరు కోర్సు. అక్కడికెళ్లే ముందు రోజుల్లో పరీక్ష రాసే పిల్లాడిలా చదివేవాడు. 2022లో గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని మార్చినప్పుడు, అప్పటికే రిటైరై ఎన్నో ఏళ్లయినా, “స్లిప్పు వచ్చిందా?” అని అడిగాడు.

అలాంటి మనిషి ఇంట్లోకి 1994 దసరా సెలవుల్లో టీవీ గేమ్ వచ్చింది. మా బాబాయి కొనుక్కొచ్చాడు. నింటెండో వాళ్ల ఆట యంత్రం ఫ్యామికామ్‌కి నకళ్లు దేశమంతా అమ్ముడుపోతున్న కాలం అది. పసుపుపచ్చ క్యాసెట్టు, రెండు జాయ్‌స్టిక్కులు, టీవీ వెనక బిగించే డబ్బీ. (కార్ట్రిడ్జ్ అన్న మాట నేను ఇంజనీరింగులో విన్నాను. అప్పట్లో లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, అది క్యాసెట్టే.) పెట్టె అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. చైనీసో జపనీసో, ఇప్పటికీ తెలీదు. నాన్న దాన్ని లైటు దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. బొమ్మలున్నాయి, బాణాలున్నాయి. మేం నలుగురం పిల్లలం అప్పటికే ఆడేస్తున్నాం, చస్తున్నాం, మళ్లీ ఆడేస్తున్నాం. ఆయన మాత్రం మా వెనక కుర్చీ వేసుకుని మూడు రోజులు చూశాడు. పక్క క్వార్టరు అక్కకి ఇంగ్లిషు మీడియం కాబట్టి తెర మీద వచ్చే మాటలు ఆమె చదివేది, నాన్న రాసుకునేవాడు. నాలుగో రోజుకి నిబంధనలు సిద్ధం.

కొన్ని మీకు చూపించాలి.

“1. ఆట ఆరంభించుటకు ముందు తీగలు, క్యాసెట్టు, టీవీ చానెలు సరిచూసుకొనవలెను.”

“4. పుట్టగొడుగు వలె కనిపించి నడచివచ్చు జీవి (పేరు తెలియరాలేదు) తాకినచో ప్రాణహాని. పైనుండి తొక్కవలెను. 5. నిజమైన పుట్టగొడుగు మేలు చేయును. రెంటికీ గల భేదము: మొదటిదానికి కోపపు కనుబొమలు ఉండును.”

“6(అ). తాబేలు చిప్పను తన్నినచో అది పైపునకు తగిలి వెనుకకు వచ్చును. అట్టి సమయమున లైనులో నిలబడరాదు.”

“11. ప్రపంచము 1-2 నందు పైకప్పు మీదుగా పోయిన యెడల తిన్నగా నాల్గవ ప్రపంచమునకు చేరు దారి కలదు. ఇది అనధికార మార్గము. లైన్ క్లియర్ లేనిదే వాడరాదు.”

మేం ఆ దారిని వందసార్లు వాడాం. నాన్న ఎప్పుడూ వాడలేదు. నాలుగో ప్రపంచాన్ని ఆయన న్యాయంగా, ఒక్కో స్టేషనూ దాటుకుంటూ చేరాలనుకున్నాడు. మూడులోనే ఆగిపోయాడు.

అయితే నేను చెప్పాలనుకున్నది నాన్న ఎంత వింత మనిషో కాదు. ఆ నోటుబుక్కు నలిగిన తీరు. మొదటి నాలుగు పేజీలు కొత్తగా ఉన్నాయి, మడత నలగలేదు. అంటే మా మేనల్లుడన్నది నిజమే, ఆట ఎలా ఆడాలన్న భాగం ఎవరూ తిరగేయలేదు. తర్వాతి పేజీలున్నాయి చూశారూ, వాటికి నూనె వేళ్ల ముద్రలు, చిరుగులు, ఒకచోట పకోడీ పొట్లం ఆనవాలు. అవి ‘అనుబంధ నిబంధనలు’. “14. ఒక ప్రాణము పోయిన వెంటనే జాయ్‌స్టిక్ తరువాతి వారికి అప్పగించవలెను. 15. చిన్నవారు మొదటి పైపు లోపలే చనిపోయినచో ఇంకొక అవకాశము ఇవ్వవలెను, రెండుకు మించరాదు. 17. కరెంటు పోయినచో ఎవరి వంతూ పోయినట్లు కాదు.”

పదిహేడో నిబంధన దగ్గర కాగితం బాగా నలిగి పల్చబడింది. ఆ రోజుల్లో కరెంటు కోతలు గుర్తున్నవారికి ఎందుకో చెప్పనక్కర్లేదు.

చదవని నిబంధనలు యంత్రంతో వ్యవహారానివి. చదివి చదివి చింపేసినవి మనుషులతో వ్యవహారానివి. యంత్రం దగ్గర తగువుండదు. అది చచ్చావంటే చచ్చావు, దానికి అప్పీలు లేదు. పక్కవాడితోనే తగువు, కాగితం పనికొచ్చేది అక్కడ. అష్టాచెమ్మా ఆడిన ఇల్లు ఏదైనా చూడండి. గవ్వలు ఎలా వేయాలో ఎవరూ ఎవరికీ బోధించరు, పక్కన కూర్చుంటే వచ్చేస్తుంది. వరసగా మూడు అష్టలు పడితే అన్నీ చెల్లుతాయా మురుగుతాయా అన్న దగ్గర మాత్రం ఒక పెద్దావిడను కేకేయాలి. ఆవిడే మాన్యువల్. అవతలి ఇంటి పెద్దావిడ చెప్పేది వేరు. వైకుంఠపాళిలో ఆ ఇబ్బంది కూడా లేదు, పటం మీదే పాపపుణ్యాల పేర్లు, రాక్షసుల పేర్లు తెలుగులో అచ్చువేసి ఉంటాయి. అరుకాషుడనే పాము నోట్లో పడ్డాక ఎక్కడికి దిగుతామో దాని తోకే చెబుతుంది. ఆట, దాని పుస్తకం ఒకే కాగితమైన సంగతి నాకు తెలిసినంతలో తెలుగులో అదొక్కటే.

మీ రంగం చరిత్రలో మాన్యువల్‌కి ఇంకో ఉద్యోగం కూడా ఉండేది: తాళం. మా బ్యాచిలో చాలామంది డాస్ కంప్యూటర్ మీద ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ చూసింది ఏదో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి ఎక్కిన కాపీలో. జోర్డాన్ మెక్నర్ 1989లో చేసిన ఆట అది. రాకుమారిని విడిపించడానికి గంట టైము. మొదటి అంతస్తు దాటగానే సీసాల గది వస్తుంది, ఒక్కో సీసా దగ్గర ఒక్కో అక్షరం. పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా పదం మొదటి అక్షరం చూసి ఆ సీసా తాగమంటుంది. పుస్తకం డబ్బు పెట్టి కొన్నవాడి దగ్గరే ఉంటుంది. మేం చేసిందేమిటంటే, ఒక్కో సీసా తాగి, చచ్చి, ఏ ప్రశ్నకి ఏ అక్షరం పనిచేసిందో చీటీ మీద రాసుకుని, ఆ చీటీని తర్వాతి బ్యాచికి అందించాం. లేని మాన్యువల్‌ని చావులతో తిరగరాశాం. దొంగ కాపీ ఆడటం తప్పే, కాదనను. కాని ‘ఆటగాళ్లు చదవరు’ అన్న మాట ఆ చీటీ ముందు నిలవదు.

1998లో ‘మెటల్ గేర్ సాలిడ్’ కూడా ఇలాగే ఏడిపించింది. ఆట మధ్యలో ఒకమ్మాయితో రేడియోలో మాట్లాడాలి, ఫ్రీక్వెన్సీ సీడీ డబ్బా వెనక ఉందంటారు. మా స్నేహితుడి సీడీకి ఉన్నది తెల్ల కవరు, దాని మీద స్కెచ్ పెన్నుతో ఆట పేరు. వాడు ఆటలోని సంచి అంతా వెతికాడు, డబ్బా అంటే ఆటలోని డబ్బా అనుకుని. అది 140.15 అని మాకు తెలిసేసరికి ఆరు నెలలు. ఒక పెళ్లిలో మద్రాసు నుంచి వచ్చిన ఎవరి బావమరిదో చెప్పాడు.

నోటిమాటగా నడిచే మాన్యువల్‌ని నెత్తిన పెట్టుకోమని మాత్రం అనను. అది అబద్ధాలు కూడా అంతే శ్రద్ధగా పంచుతుంది. ఆట రాకపోతే క్యాసెట్టు తీసి ఊదాలన్నది దేశం మొత్తానికి తెలిసిన సూత్రం. ఊదవద్దని, తేమకి లోపలి లోహం పాడవుతుందని నింటెండో చెబుతూనే ఉంది. పనిచేసింది ఊపిరి కాదు, తీసి మళ్లీ పెట్టడం. నాన్న నిబంధనల్లో రెండోది ఇదే: “క్యాసెట్టు పనిచేయనిచో శుభ్రమైన నోటితో ఊదవలెను.” శుభ్రమైన నోరన్నది ఆయన సొంత భద్రతా ప్రమాణం.

ఆ నోటిమాటలోనే ‘కాంట్రా’ మంత్రం కూడా వచ్చింది. పై పై, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ ఏ. ముప్పై ప్రాణాలు. ఇంటర్నెట్టు లేదు, మా వీధిలో గేమ్ పత్రికలు లేవు, అయినా వచ్చింది. దాన్ని పుట్టించింది కజుహిసా హషిమోతో. 1986లో ‘గ్రాడియస్’ను ఇంటి యంత్రం మీదకు తెస్తూ, పరీక్షించడానికి ఆట మరీ కష్టంగా ఉందని తనకోసం పెట్టుకున్న దొడ్డిదారి అది. 2020లో ఆయన పోయారు. గమనించారా, ప్రపంచంలో ఎంతోమంది కంఠస్థం చేసిన గేమ్ సూచన టెస్టింగు అవసరానికి పుట్టింది. ఈ సంగతి చెబితే మా మేనల్లుడు మొదటిసారి నవ్వు ఆపాడు.

అప్పుడు వాడికి జేమ్స్ పాల్ జీ గురించి చెప్పాను. భాషాశాస్త్రం చదివిన అమెరికన్ ప్రొఫెసరు, పెద్దవయసులో గేములు మొదలుపెట్టి 2003లో వాటి మీద పుస్తకం రాశాడు. ‘డ్యూస్ ఎక్స్’ అనే ఆటతో వచ్చిన చిన్న పుస్తకాన్ని ముందు చదవబోతే ఆయనకి ఒక్క ముక్క ఎక్కలేదట. ప్రతి మాటా ఇంకో మాటను పట్టుకుని వేలాడుతోంది. గంటల తరబడి ఆడాక అదే పుస్తకం తెరిస్తే అన్నీ తేటగా ఉన్నాయి. పుస్తకంలో అక్షరం మారలేదు. మాటలకి ఇప్పుడు బొమ్మలున్నాయి, దెబ్బలున్నాయి. అంతకు చాలా ముందే, 1987లో, ఐబీఎం పరిశోధకులు జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ ఆఫీసు కంప్యూటర్ల దగ్గర ఇదే ధోరణి గమనించారు: ముందు కాస్త చదివితే తర్వాత బోలెడు టైము కలిసొస్తుందని తెలిసినా మనిషి చదవడు, పని మొదలుపెట్టేస్తాడు. వాళ్లు దాన్ని బద్ధకమని తీసిపారేయలేదు, మనిషి తీరే అంత, మాన్యువలే దానికి తగ్గట్టు మారాలన్నారు.

ఈ ధోరణి మన ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం పుస్తకాన్ని ముందురోజు రాత్రి కూర్చుని చదివేవాళ్లని నేను చూడలేదు. పీటల మీద కూర్చున్నాక తెరుస్తారు. ఒకావిడ చదువుతుంది, ఇంకొకావిడ చేస్తుంది. ‘అక్షతలు వేయాలి’ అన్న చోట చదివే ఆమె ఆగుతుంది, చేసే ఆమె కోసం. సందేహం వస్తే పేజీ వెనక్కి తిప్పుతారు. అది మన దగ్గర బాగా అమ్ముడుపోయే మాన్యువల్, అచ్చంగా పని మధ్యలో చదవడానికే రాసింది. నాన్న పక్కన పక్క క్వార్టరు అక్క కూర్చుని తెర మీది మాటలు చదవడంలోనూ జరిగింది అదే.

రైలుకి ఈ లెక్క పనికిరాదని నాన్న అంటాడు, అది నిజం. సిగ్నలు దాటేశాక పుస్తకం తెరిచి లాభం లేదు. మీ ఆటల్లో చావు చవక కాబట్టే చదవడం వాయిదా పడుతుంది. పాతరోజుల్లో వీడియో గేమ్ పార్లర్లలో ఒక్కో చావుకి రూపాయి ఖర్చయ్యేది కాబట్టి, చేతిలో రూపాయి ఉన్నవాడు కూడా ముందు అరగంట వేరేవాడి భుజం మీంచి చూసేవాడు. అదీ చదవడమే.

తర్వాత మీరు కాగితం మానేశారు. 2010లో యుబిసాఫ్ట్ ఇక ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 ఆటలకి అచ్చు పుస్తకం ఉండదని, పర్యావరణం కోసమని ప్రకటించింది. తక్కినవాళ్లూ ఆ దారే పట్టారు. పుస్తకం స్థానంలో ఆటలోకే ట్యుటోరియల్ వచ్చింది: వేలు బొమ్మ వచ్చి ఇక్కడ నొక్కు, ఇప్పుడు ఇక్కడ నొక్కు అంటుంది. మిగతా తెరంతా చీకటి చేసి మెడ పట్టుకుని తిప్పుతుంది. పుస్తకాన్ని చదవకుండా పక్కన పడేసే హక్కు మాకుండేది. ఈ వేలు ఆ హక్కు తీసేసింది. పైగా ఒక్కసారే చెబుతుంది, మొదటి ఐదు నిమిషాల్లో, ఏదీ అవసరం లేనప్పుడు. పదిహేను రోజుల తర్వాత నిజంగా సందేహం వచ్చినప్పుడు ఆ వేలు ఎక్కడికి పోయిందో తెలీదు.

మా అమ్మ సంగతి అక్కడే వస్తుంది. ఆవిడకి 76. లాక్‌డౌన్‌లో ఫోన్‌లో లూడో నేర్చుకుంది, మా చెల్లెలి పిల్లలతో ఇప్పటికీ ఆడుతుంది. ఒకరోజు వరసగా మూడు ఆరులు పడ్డాయి. పొంగిపోయింది. ఆట మాత్రం వంతు తీసేసి అవతలి వాళ్లకిచ్చింది. “ఇదేంటి, ఇది ఎక్కడ రాసుంది?” అంది. ఆ యాప్ పేరు చెప్పను, ఏ యాపైనా ఇంతే. నేను మెనూలన్నీ వెతికాను. నాణేలు కొనమన్నది కనపడింది, స్నేహితుల్ని పిలవమన్నది కనపడింది, రోజూ వచ్చి బహుమతి తీసుకోమన్నది మూడుసార్లు కనపడింది. నిబంధన కనపడలేదు. చివరికి ఒక మూల ‘సహాయం’ లాంటిది దొరికితే ఇంగ్లిషులో ఉంది. అమ్మ తెలుగు పత్రికలు అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషి. కంప్యూటర్ ఎరా లాంటి తెలుగు మాసపత్రికను మా ఇంటికి తెప్పించిందే ఆవిడ, తనకి కంప్యూటరే లేని రోజుల్లో. చదవని మనిషి కాదు. చదవడానికి ఏమీ పెట్టలేదు.

తెలుగు లేకుండా ఆట తెస్తే మీకు చట్టం అడ్డు రాదు. ప్యాకేజీ సరుకుల నిబంధనలు, 2011 ప్రకారం డబ్బా మీద తప్పనిసరి వివరాలు హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటే చాలు, ఇంకో భాష అదనం. తెలుగు లేకపోతే నేరం కాదు. ఫోన్‌లో దిగే ఆటకైతే డబ్బాయే లేదు. ఇక్కడ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్‌కి ‘ఇమేజ్’ అని ప్రత్యేక విధానం తెచ్చింది, 2017లో రాయదుర్గంలో దానికో టవరుకి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది మన నగరంలోని ఓగ్రే హెడ్ స్టూడియో ‘అసుర’ తెచ్చింది. రాక్షసులు మనవాళ్లే. సొంతంగా ఆటలు తయారుచేసే ఊరు ఇది. ఆ ఆటల నియమాలు మా అమ్మకి మాత్రం ఇంకా పరాయి ఊరి భాషలోనే అందుతున్నాయి.

పోయిన పండక్కి మేనల్లుడు నాకు ‘ట్యూనిక్’ చూపించాడు. 2022లో వచ్చింది, ఆండ్రూ షౌల్డిస్ అనే కెనడా ఆయన చాలావరకు ఒక్కడే చేశాడు. ఆటలో నక్క పిల్ల తిరుగుతూ ఏరుకునేది ఒక మాన్యువల్ పేజీల్ని. అవి దాదాపు అన్నీ ఎవరికీ రాని లిపిలో ఉంటాయి. బొమ్మలు, బాణాలు, ఎవరో పెన్నుతో గీసిన గుర్తులు చూసి ఊహించుకోవాలి. చిన్నప్పుడు అర్థంకాని మాన్యువల్ చేతిలో పట్టుకున్న అనుభూతి మళ్లీ కావాలని ఆయన అలా చేశాడట. ప్రపంచమంతా మెచ్చుకుంది. నేను నాలుగు మడతల ఆ చైనీసో జపనీసో కాగితాన్ని తలుచుకున్నాను. మాకు అది కళగా కాదు, డీఫాల్టుగా దొరికింది.

ఎవరూ చదవరని మీరు ఇంకా అంటే, ‘మైన్‌క్రాఫ్ట్’ పిల్లల్ని అడగండి. 2011లో ఆ ఆట చెప్పీ చెప్పకుండా వదిలేసిన సంగతుల మీద 2013 నుంచి అట్ట పుస్తకాలు వచ్చాయి. పుస్తకం ముట్టని పిల్లలని పేరుపడ్డవాళ్లు వాటిని లక్షల్లో కొనిపించారు, దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని చదివారు. ఆట కష్టపెట్టింది, పుస్తకం దాని పక్కన ఉంది, అంతే.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. మీ ప్రతి ఆటలోనూ పాజ్ నొక్కితే కనపడే చోట ఒక కాగితం పెట్టండి. తెలుగులో. దాన్ని మిషను చేత అనువాదం చేయించకండి, ఫైర్‌ని అగ్ని అని, సేవ్‌ని కాపాడు అని రాసే ఆ తెలుగు మా అమ్మకీ రాదు, మీకూ రాదు. లైఫ్, లెవెల్, బాస్, గన్ అలాగే ఉండనివ్వండి, వీధిలో పిల్లలు అనేది అదే. ఎవరైనా ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని మూడు రోజులు చూడండి, తర్వాత రాయండి. ఎలా నడవాలో, ఎలా గెంతాలో అక్కర్లేదు, మియమోతో గారు దాన్ని 1985లోనే తేల్చేశారు. మూడు ఆరులు పడితే ఏమవుతుందో రాయండి. నెట్టు పోతే ఎవరి వంతో రాయండి. కొన్న నాణేలు ఫోను మారితే ఉంటాయో పోతాయో రాయండి. తగువు వచ్చే ప్రతి చోటూ మీకు తెలుసు, మీ టెస్టర్లు వాటన్నింటినీ రోజూ చిట్టాలో రాస్తున్నారు. ఆ చిట్టాలో సగం బయటపెడితే చాలు, అది మాన్యువల్ అవుతుంది.

ఈ ఉత్తరం పంపేముందు నాన్నకి చదివి వినిపించాను. ఇప్పుడు 83, చూపు ఆనదు, వినికిడి బాగానే ఉంది. చివరిదాకా విని, ఒకచోట మళ్లీ చదవమన్నాడు. చదివాను. అమ్మ వంటింట్లో ఉందో లేదో చూసి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. ఉత్తరం తిరగరాస్తానన్నాను. వద్దు, పద్ధతి ప్రకారం పోనీ అన్నాడు. ఆయన చెప్పగా రాసి అంటించినది కింద ఉంది.

ఇట్లు,
సీతాఫల్‌మండి, సికింద్రాబాద్ నుంచి
ఒక పాత ఆటగాడు

సవరణ చీటీ నం. 1: పై లేఖలో అనధికార మార్గము గురించి ‘నాన్న ఎప్పుడూ వాడలేదు’ అని ఉన్నచోట ‘పిల్లలు నిద్రపోయిన పిదప ఒక్కసారి తప్ప వాడలేదు’ అని చదువుకొనవలెను.